తూటా ఉందో లేదో చూసుకునే చోటు కావాలి: కర్ణాటక హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. హలసూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో శిక్షణ పొంది, హవల్దారుగా పదవీ విరమణ చేసి, ఆ తర్వాత బెంగళూరులోనే ఒక బ్యాంకులో పదకొండేళ్లు గన్‌మన్‌గా పనిచేశాను. ఈ లేఖ కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో అందరి ముందూ రాయడానికి కారణం, ఈ నగరంలో బ్యాంకుల గుమ్మాల ముందు, నగల దుకాణాల ముందు తుపాకీతో నిలబడే నా తోటివారిలో చిత్తూరు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. ఈ మాట వాళ్లకూ చేరాలి.

2023 శాసనసభ ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు జమ చేయాలన్నారు. అప్పటికి ఉద్యోగం మానేసిన నేను, నా తుపాకీ తీసుకుని ఒక ఠాణాకు వెళ్లాను. వరండాలో ఏడెనిమిది మందిమి వరుసలో ఉన్నాం. నా ముందున్న పెద్దమనిషి తన .315 రైఫిల్ మ్యాగజైన్ (తూటాలు పేర్చే డబ్బీ) తీసి జేబులో వేసుకుని, ‘ఖాళీయే సార్’ అంటూ దాన్ని బల్ల మీద అడ్డంగా పెట్టారు. గొట్టం గోడవారనున్న బెంచీ వైపు తిరిగి ఉంది. ఆ బెంచీ మీద, వేరే పని మీద వచ్చిన ఒక తల్లి, ఒళ్లోని పిల్లవాడికి బిస్కెట్టు నీళ్లలో ముంచి తినిపిస్తోంది. నేను ఆగలేక, రైఫిల్‌ను ఎవరూ లేని వైపుకు తిప్పించి, ‘అయ్యా, ఒక్కసారి బోల్ట్ తెరవండి’ అన్నాను. ఆయన కాస్త నొచ్చుకుంటూనే, తూటాను లోపలికి నెట్టి మూసే ఆ కడ్డీని వెనక్కి లాగారు. ఇత్తడి తూటా ఒకటి ఎగిరి బండల మీద పడి, దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. కానిస్టేబుల్ వంగి దాన్ని తీసేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆ పెద్దమనిషి చేతులు వణకడం నేను చూశాను. ఆయన అబద్ధం చెప్పలేదు, ఖాళీ అనే నమ్మారు.

అయ్యా, తుపాకీ ప్రమాదాల్లో మళ్లీ మళ్లీ వినిపించే మాట ఇదే, ‘ఖాళీ అనుకున్నాను’ అని. దీనికి కారణం రైఫిల్ నిర్మాణంలోనే ఉంది. మ్యాగజైన్ తీసేస్తే అందులోని తూటాలు పోతాయి గానీ, అప్పటికే ఛాంబర్‌లోకి, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే గదిలోకి ఎక్కినది అక్కడే ఉంటుంది. మ్యాగజైన్ తీయకుండా బోల్ట్ లాగి మూసేస్తే, ఛాంబర్‌లోది బయటపడి, దాని చోటికి కింద నుంచి మరొకటి వచ్చి కూర్చుంటుంది. తూటా బయటపడటం కళ్లారా చూసిన మనిషి ఇక ఖాళీ అయిందనుకుంటాడు, అది మరింత ప్రమాదం. అందుకే ముందు మ్యాగజైన్, తర్వాత బోల్ట్, ఆ తర్వాత ఛాంబర్‌లోకి చూడటం, చీకటిగా ఉంటే చిటికెన వేలితో తడమటం, ఈ వరుస తప్పకూడదు. ఇదంతా జరుగుతున్నంతసేపూ గొట్టం మనుషులు లేని వైపు ఉండాలి, వేలు ట్రిగ్గర్ మీద కాక దాని కవచం పక్కన చాచి ఉండాలి. తుపాకీ పేలకుండా ఆపే మీట, సేఫ్టీ క్యాచ్ వేశాను కదా అని ధీమా పడేవారు, అదీ అరిగిపోయే ఇనుప ముక్కేనని గుర్తుంచుకోవాలి.

సైన్యంలో కాపలా దిగిన జవాను గొట్టాన్ని ఇసుక బస్తాల వైపు పెట్టి ఖాళీ చేస్తాడు, ‘జాంచ్ శస్త్ర్’ (ఆయుధ తనిఖీ) అనగానే బోల్ట్ తెరిచి చూపిస్తాడు. అతని మీద నమ్మకం లేక కాదు. గంటల తరబడి నిలబడిన మనిషి జ్ఞాపకాన్ని నమ్మకూడదు గనుక.

2016 ఆయుధ నియమావళి, కొత్తగా లైసెన్సు కోరేవారికి ఆయుధ భద్రతా శిక్షణ ఉండాలంది. మంచి నియమం. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. వేడుకల్లో కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేవారికి రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించే వీలు కూడా అదే సవరణ కల్పించింది. అయితే నేర్చుకున్న చేయి అయిదేళ్లలో ఎంత మరిచిపోతుందో మా వంటివారికి తెలుసు. నా లైసెన్సు పునరుద్ధరించుకున్నప్పుడు కాగితాలన్నీ శ్రద్ధగా చూశారు, బోల్ట్ తెరిచి చూపించమని మాత్రం ఒక్కసారీ ఎవరూ అడగలేదు. బీరువాలో తుపాకీ, మరో తాళంలో తూటాలు పెట్టుకుంటున్నామా అనీ అడగలేదు. ఇంట్లో పిల్లలున్నవారిని ఆ ఒక్క ప్రశ్న అడిగి తీరాలని నా అభిప్రాయం.

కనుక మీకు నా విన్నపం ఇది. తుపాకులు జమ చేసుకునే ప్రతి ఠాణాలో, జనం కూర్చునే చోటికి దూరంగా, గొట్టాన్ని దానివైపు పెట్టి తుపాకీ ఖాళీ చేసేందుకు ఇసుక నింపిన ఒక పీపా పెట్టించండి. ఒక పీపా, నాలుగు బస్తాల ఇసుక, దానిపైన బొమ్మలతో ఒక బోర్డు చాలు, పెద్ద ఖర్చు కాదు. సాయుధ రిజర్వు నుంచి శిక్షణ ఉన్న ఒక కానిస్టేబుల్‌ను ఆ రోజుల్లో అక్కడ నిలబెట్టి, ఆయన ముందు ఖాళీ చేసి చూపిన తర్వాతే రశీదు ఇప్పించండి. లైసెన్సు పునరుద్ధరణకు వచ్చినవారి చేత కూడా, డమ్మీ తూటాలతో, ఇదే పని ఒకసారి చేయించండి. పది నిమిషాలు పట్టదు. జిల్లాల్లో పౌరులకు బందూకు శిక్షణ శిబిరాలు నడిపే అనుభవం మీ పోలీసు శాఖకు ఉంది, కొత్తగా వెతకాల్సింది ఏమీ లేదు. ఆ బోర్డు కన్నడంతో పాటు తెలుగు, తమిళం, హిందీలలో కూడా ఉంటే, రాత్రి కాపలా చేసి అలసటతో వచ్చిన గన్‌మన్ దాన్ని తన భాషలో చదువుకుంటాడు.

వచ్చే ఎన్నికల ప్రకటన వెలువడేలోపు కనీసం నగరంలోని ఠాణాలలోనైనా ఈ ఏర్పాటు జరగాలని కోరుతున్నాను. తెలుగు బోర్డుకు కావలసిన మాటలు రాసిస్తాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికి నా ఖర్చులతో వచ్చి, నేర్పేవారి పక్కన నిలబడతాను.

ఇట్లు
భవదీయుడు,
విశ్రాంత హవల్దారు,
కృష్ణరాజపురం, బెంగళూరు