నుదుటిపై ఎర్రమచ్చతో పుట్టిన బిడ్డను ముందు కంటి డాక్టరుకు చూపించాలి

సంపాదకులకు,

అయ్యా,

బిడ్డ నుదుటి మీదో పై రెప్ప మీదో ముదురు ఎర్రటి మచ్చ కనబడితే చాలు, చూడవచ్చినవాళ్లు అడిగే మొదటి మాట ‘గ్రహణం పూట బయటికొచ్చావా?’ అని. పచ్చి బాలింత ఆ మాట పట్టుకుని రోజుల తరబడి కుమిలిపోతుంది. పోర్ట్‌వైన్ మచ్చ అని డాక్టర్లు పిలిచే ఈ మచ్చకు గ్రహణంతో గానీ, తల్లి తిన్నదానితో గానీ సంబంధం లేదు. కారణమేమిటో 2013లోనే తేలింది. పిండం ఎదిగేటప్పుడు ఏదో ఒక కణంలో జీఎన్‌ఏక్యూ అనే జన్యువు మారడం వల్ల ఇది వస్తుంది. ఆ మార్పు అమ్మ నుంచి వచ్చేదీ కాదు, నాన్న నుంచి వచ్చేదీ కాదు. చూడబోయేవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పి, ముందు బిడ్డను ఎత్తుకుని ముద్దాడితే ఆ తల్లికి కొండంత ధైర్యం.

కనుబొమల నడుమా మెడ వెనకా లేత గులాబీ రంగులో ఉండే మచ్చలు చాలామంది పసిపిల్లలకు ఉంటాయి. ముఖం మీదవి ఏడాది రెండేళ్లలో వెలిసిపోతాయి. పిరుదుల మీది నీలి మచ్చలకూ భయం లేదు. పోర్ట్‌వైన్ మచ్చ అలా వెలిసిపోదు. ఎక్కువగా ముఖానికి ఒక పక్కనే, అంచు తెలిసేలా ఉండి, బిడ్డతో పాటే పెరుగుతుంది. ఏడ్చినప్పుడు ఇంకా ఎర్రబడుతుంది, అంతమాత్రాన ముదిరిందని కాదు. నుదురు, పై రెప్ప మీద ఈ మచ్చ ఉన్న పిల్లల్లో కొందరికి స్టర్జ్-వెబర్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు ఉంటుంది. అందులో కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు, మెదడు పైపొరలోని రక్తనాళాల వల్ల ఫిట్స్ రావచ్చు. అందరికీ వస్తుందని కాదు. కానీ వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఫిట్స్ మొదటి ఏడాదిలోనే మొదలవుతాయి కాబట్టి ఆ ఏడాది చాలా విలువైనది.

కంటి పరీక్ష మొదటి వారాల్లోనే జరగాలి. మచ్చ వైపు కన్ను రెండోదానికంటే పెద్దగా కనబడినా, నల్లగుడ్డు మసకబారినా, ఎప్పుడూ నీరు కారుతున్నా, వెలుగు చూడలేక బిడ్డ కళ్లు మూసుకుంటున్నా ఒక్క రోజు కూడా ఆగకూడదు. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గర. ఎక్కడికెళ్లినా పసిబిడ్డకు మత్తిచ్చి కంటి ఒత్తిడి చూస్తారా అని ముందే ఫోన్లో కనుక్కోవాలి. మత్తుకు నాలుగు గంటల ముందు తల్లిపాలు ఆపమంటారు. ఆకలికి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటుంది, తల్లికేమో రొమ్ములు గడ్డకట్టి నొప్పి. ఆ నాలుగు గంటలూ బిడ్డను భుజాన వేసుకుని వరండాలో తిప్పే మనిషి కావాలి. తల్లి స్నేహితురాలెవరైనా వెంట వెళ్లాల్సింది ఆ రోజే. ఒకసారి బాగుందన్నారని మానేయకూడదు, ఒత్తిడి తర్వాతైనా పెరగవచ్చు. మెదడు స్కానింగూ అంతే, తొలి నెలల్లో మామూలుగా కనబడినంత మాత్రాన నిశ్చింత లేదు.

ఫిట్స్ సాధారణంగా మచ్చకు ఎదురు పక్కన కనబడతాయి. మచ్చ ఎడమవైపు ఉంటే కుడి చెయ్యి, కుడి కాలు కొట్టుకుంటాయి. అప్పుడు బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, గడియారం చూడాలి, ఇంకొకరు ఫోన్లో వీడియో తియ్యాలి. డాక్టరుకు ఆ వీడియో చాలా పనికొస్తుంది. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పట్టడం వద్దు. వాతలు అసలే వద్దు. ఇదే మొదటిసారి అయినా, అయిదు నిమిషాల్లో ఆగకపోయినా 108కి ఫోన్ చెయ్యాలి. జ్వరం, వాంతులు, విరేచనాలు ఫిట్స్‌ను రేపుతాయి కాబట్టి అవి వస్తే వెంటనే చూపించాలి. పుట్టువెంట్రుకలకు కొండకు వెళ్లేవాళ్లు ఫిట్స్ మందునూ డాక్టరు చీటీనీ సామాన్లలో పెట్టకుండా చేతిసంచిలో ఉంచుకోవాలి. కంపార్టుమెంటులో గంటలు గడిచి మందు వేళ తప్పితే ప్రమాదం.

మచ్చ రంగు తగ్గించడానికి పూతలు పనిచేయవు. లేజర్ ఉంది, వారాల ఎడంతో చాలాసార్లు చేయించాలి, పూర్తిగా పోతుందన్న హామీ లేదు. చేసిన తర్వాత వారం పది రోజులు చర్మం ఊదారంగుకు మారుతుంది. అది చూసి ‘ఇంకా ఎక్కువైందే’ అనకండి. బిడ్డ ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

ఇక అధికారులకు నా విన్నపం. కేంద్రం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే లోపాలను ప్రసవం జరిగిన చోటే గుర్తించాలి. ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తారు. కాబట్టి తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రసూతి ఆసుపత్రులన్నీ, ప్రైవేటువి సహా, డిశ్చార్జి చీటీలో ముఖం మీది మచ్చ ఏ వైపు, ఎంత మేర ఉందో రాసి, కంటి పరీక్ష తేదీ కూడా అక్కడే వేయాలి. ఆశా కార్యకర్త దగ్గరుండే పత్రంలో ‘రెండు కళ్లూ ఒకే పరిమాణంలో ఉన్నాయా’ అనే గడి ఒకటి చేర్చాలి.

ఇట్లు,
నవజాత శిశు విభాగపు నర్సు,
తిరుపతి