సంక్రాంతి తర్వాత మా దగ్గర సర్వీసు చేయించిన గ్రాఫిక్స్ కార్డులు మళ్లీ తీసుకురండి

ఈ ఏడాది సంక్రాంతి నుంచి ఉగాది దాకా విజయవాడలోని మా కొట్లో థర్మల్ ప్యాడ్లు (కార్డులో వేడిని పైనున్న లోహానికి చేర్చే మెత్తటి ముక్కలు) మార్పించుకున్న కార్డులు 43. ఆ 43 కార్డులనూ మళ్లీ విప్పి, వేసిన ప్యాడ్లన్నీ తీసేసి, కొత్తవి వేసి ఇస్తాను. ఒక్క రూపాయి తీసుకోను. మీ కార్డు ప్రస్తుతం బాగానే నడుస్తున్నా సరే, తీసుకురండి.

తెనాలిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒకాయన వైశాఖంలో వచ్చారు. ఆయనది ఆర్‌టీఎక్స్ 3080 అనే మోడల్ కార్డు. ఫ్యాన్లు హోరెత్తిపోతున్నాయనీ, పని మాత్రం నత్తనడకగా ఉందనీ చెప్పారు. తగిలించి చూస్తే చిప్ వేడి 68 డిగ్రీలే ఉంది. ఎండాకాలం కదండీ, కంప్యూటర్ను గోడకు దూరంగా జరపండి అని పంపేశాను. రెండోసారి వస్తే క్యాబినెట్లో దుమ్ము మీద నెపం పెట్టాను. మూడోసారి ఆయన కుర్చీలో కూర్చుని, "మీరు విప్పి చూసేదాకా నేను కదలను" అన్నారు. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే స్క్రూలు విప్పాను.

చిప్ మీద వేడిని పంపే పేస్టు చక్కగా, పలచగా పరుచుకుని ఉంది. దాని చుట్టూ ఉన్న మెమరీ ముక్కల మీద ప్యాడ్ను వేలితో నొక్కితే పాత సున్నంలా పొడిపొడిగా రాలింది. బోర్డు మీద పకోడీల పొట్లానికి అంటినట్టు నూనె మరక. రెండు నెలల కింద నా చేత్తో కత్తిరించి అతికించిన ప్యాడ్ అది.

ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కార్డులో వేడి నడిచే దారి తెలియాలి. 3080 నిండుగా పనిచేస్తే 320 వాట్ల దాకా తీసుకుంటుంది. మన ఇళ్లలో నాలుగు పాతకాలం సీలింగ్ ఫ్యాన్లు తినేంత కరెంటు. అదంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. అందులో సింహభాగం అగ్గిపెట్టె కన్నా చిన్నదైన చిప్ నుంచే పుడుతుంది. చిప్ నుంచి పేస్టు ద్వారా లోహపు పలకకు, అక్కడి నుంచి రాగి గొట్టాలకు వేడి చేరుతుంది. ఆ గొట్టాల్లో కొద్దిపాటి నీరు ఉంటుంది. లోపల ఒత్తిడి చాలా తక్కువ కాబట్టి తక్కువ వేడికే ఆవిరై, అల్యూమినియం రేకుల వైపు పరుగెత్తి, అక్కడ చల్లబడి, గొట్టం లోపలి రాగి పూతలోంచి దీపం వత్తిలో నూనె పాకినట్టు వెనక్కి వస్తుంది. రేకుల వేడిని ఫ్యాన్లు గాలిలోకి తోసేస్తాయి. ఇందులో చల్లదనాన్ని పుట్టించేది ఏదీ లేదు, వేడిని మోసుకుపోవడమే పని. గదిలో 40 డిగ్రీలుంటే కార్డు అంతకన్నా చల్లబడదు.

మెమరీ ముక్కల ఎత్తు, చిప్ ఎత్తు ఒకటి కాదు. వాటికీ పైనున్న లోహానికీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో గాలి ఉంటే వేడికి అది గోడే. రాగితో పోలిస్తే గాలి వేడిని దాదాపు 15,000 రెట్లు తక్కువగా పంపుతుంది. ఆ ఖాళీని నింపడానికే మెత్తటి ప్యాడ్. నూనె కారిపోయి ప్యాడ్ ఎండితే మళ్లీ గాలే మిగులుతుంది. ఈ రకం మెమరీ 110 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. తెనాలి ఆయన కార్డులో జరిగింది అదే. చిప్ 68లో ఉంటే మెమరీ 110లో ఉడికిపోతోంది. నేను మొదటి అంకె చూసి రెండోది చూడలేదు. ఆ తప్పు నాది, సరఫరాదారుది కాదు.

సరఫరాదారు తప్పు వేరే ఉంది. ఆరేళ్లుగా ఆయన దగ్గరే ప్యాడ్లు కొంటున్నాను. జనవరిలో వచ్చిన సరుకు ప్యాకెట్ మీద అక్షరాలు కొంచెం తేడాగా కనిపిస్తే ఫోను చేసి మరీ అడిగాను. "సరుకు అదే సార్, ప్యాకింగ్ మారింది" అన్నారు. నమ్మాను. పాత సరుకులో మిగిలిన ముక్కనూ కొత్తదాన్నీ పక్కపక్కన కాగితం మీద పెట్టి ఒక రాత్రంతా వేడి చేసి చూస్తే కొత్తదాని కింద మాత్రమే నూనె దిగింది. ఆ ఫొటోలు పంపితే, ఇంకెవరూ ఫిర్యాదు చేయలేదన్నారు. ప్యాడ్ల ఖరీదు తర్వాతి బిల్లులో తగ్గిస్తానన్నారు. నా పని, నా పేరు ఆ బిల్లులో ఎక్కడ రాస్తారని అడిగాను. పైగా ఒక సలహా కూడా ఇచ్చారు: అడిగిన వాళ్లకు మార్చండి, అడగని వాళ్లను కదిలించకండి అని.

ఆ సలహా నన్ను నాలుగు రాత్రులు నిద్రపోనివ్వలేదు. అబద్ధం ఎందుకు, అది నాకు లాభంగానే కనిపించింది. కార్డుకు ఒక పూట పని, మంచి ప్యాడ్ల ఖర్చు, పైగా వేసవిలో కొత్త పనులు ఆపుకోవాలి. మా ఆవిడ లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని 43 పేర్లూ పైకి చదివింది. ఇంజనీరింగ్ పిల్లలు, ఫొటో స్టూడియోల వాళ్లు, మా పెద్దవాడి లెక్కల మాస్టారు. చదవడం పూర్తయ్యాక పుస్తకం మూసి, "వీళ్లలో ఎవరికి చెప్పకుండా ఉంటావు?" అంది. మర్నాడు పొద్దున్నే ఫోన్లు మొదలుపెట్టాను.

ప్యాడ్లకు బదులు రాగి ముక్కలు పెట్టమని కొందరు అడుగుతున్నారు. పెట్టను. రాగి నొక్కుకోదు, ఎత్తు కాస్త తేడా వస్తే చిప్ మీది పలక లేచిపోతుంది, జారితే షార్ట్ అవుతుంది. ఇంకో కొట్లో పెడతారేమో, నా చేతుల మీదుగా జరగదు. ఆ సరఫరాదారు సగం ధరకు ఇచ్చినా ఇక ఒక స్క్రూ కూడా కొనను. పరీక్ష కూడా మార్చాను. ఇదివరకు ఏసీ గదిలో పావుగంట చూసేవాణ్ణి. ఇప్పుడు ఏసీ లేని వెనక గదిలో, మధ్యాహ్నం పూట, గంటసేపు. మెమరీ వేడి చూపించే కార్డులకు ఆ అంకె కూడా బిల్లు మీద రాసి ఇస్తాను. కొత్త సరుకు ఏది వచ్చినా ముందు నా సొంత కంప్యూటర్లో రెండు నెలలు నడిచాకే మీ కార్డులోకి వస్తుంది.

మీరు ఇంట్లో విప్పకండి. ఒక్కో మోడల్‌కు ప్యాడ్ మందం ఒక్కోలా ఉంటుంది. ఊరి బయటి వాళ్లు ఆర్టీసీ కార్గోలో పంపండి, రానుపోను ఖర్చు నాదే. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు, మా పుస్తకంలో పేరుంది.

ఇప్పటికి 17 కార్డులు వచ్చాయి. తెనాలి ఆయనది మొదటిది, మెమరీ 86 డిగ్రీల దగ్గర నిలబడింది. మిగిలిన 26 మందికీ ఈ వారంలో మళ్లీ ఫోను చేస్తాను. దయచేసి ఎత్తండి.