కార్తెల్లో కాలం చూసేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు

సంపాదకుల వారికి నమస్కారం.

గ్రహాంతరవాసుల భాష నేర్చుకుంటే కాలం మరోలా కనిపిస్తుందా అంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఇంట్లో అందరం చదివాం. అందులో చెప్పిన 2016 నాటి హాలీవుడ్ సినిమా నేనూ చూశాను. కొత్త లిపి నేర్చుకున్న హీరోయిన్ జరగబోయేది ముందే చూడగలుగుతుంది. కథగా నాకు చాలా నచ్చింది. కానీ అమెరికాలోని హోపీ తెగవాళ్ల భాషలో కాలమే లేదన్న మాటను మీరు నిజమన్నట్టు వేశారు. దాన్ని సరిదిద్దాలి. ఆ మాట అన్న బెంజమిన్ లీ వోర్ఫ్ అగ్నిప్రమాదాల బీమా కంపెనీలో ఉద్యోగం చేస్తూ భాషలు చదివినాయన. హోపీ భాషలో కాలాన్ని చెప్పే మాటలు ఎన్ని ఉన్నాయో 1983లో ఎక్కెహార్ట్ మలోట్కి అనే భాషావేత్త లావుపాటి పుస్తకమే రాసి చూపించాడు.

అలాగని భాష మన మీద ఏ ప్రభావమూ చూపదని కాదు. స్వీడిష్‌వాళ్లు కాలాన్ని పొడుగు, పొట్టి అంటారు. స్పానిష్‌వాళ్లు ఎక్కువ, తక్కువ అంటారు. ఒక పరిశోధనలో వీళ్లకు తెర మీద ఒక గీత సాగుతుంటేనో, ఒక పాత్ర నిండుతుంటేనో చూపించి ఎంతసేపు పట్టిందని అడిగితే, స్వీడిష్‌వాళ్లు గీత దగ్గర, స్పానిష్‌వాళ్లు పాత్ర దగ్గర పొరబడ్డారు. రెండు భాషలూ వచ్చినవాళ్లు ఏ భాషలో అడిగితే ఆ భాషవాళ్లలాగే తడబడ్డారు. ఏ భాష మాటా ఎత్తకుండా పరీక్ష పెడితే మాత్రం తేడా కనబడలేదు. 2017లో అచ్చయిన ఈ పరిశోధనను నేను గట్టిగా నమ్మడానికి కారణం మా అత్త.

నేను కర్నూలు టౌనులో పెరిగాను. పెళ్లయి కళ్యాణదుర్గం వచ్చి, ఒక చెనక్కాయల మిల్లులో లెక్కలు రాస్తున్నాను. నా కాలమంతా తేదీలే. ఐదో తేదీ ఈఎంఐ, నెలాఖరుకు జీతాల టెన్షన్. మా అత్తకు జూన్, జూలై తెలియక కాదు, ఆమె నోట అవి రావు, కార్తెల పేర్లే వస్తాయి. విత్తనానికి కాయలు ఒలుస్తూ కూర్చుని, "ఆరుద్ర వట్టిదే పాయ. పునర్వసుకన్నా పడితే గింజ ఎయ్యచ్చు" అంటుంది. నా భర్త ఎప్పుడు పుట్టాడని అడిగితే, "మఖలో. చేన్లో ఊడలు దిగుతాండె" అంది. తేదీ ఆయన సర్టిఫికెట్‌లో ఉంది. ఆమెకు గుర్తున్నది పైరు ఏ దశలో ఉందన్నది.

కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. ఏడాదికి 27. మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర 22 ప్రాంతంలో వస్తాయి. ఈ మాటల్లోనే రోజూ మాట్లాడటం అలవాటయ్యాక నాలో ఒకటి మారింది. ఇదివరకు పోయిన ఏడాది నాకు చాలా దూరంగా ఉండేది. ఇప్పుడు ఆరుద్ర అనగానే పోయినేటి ఆరుద్ర, అంతకుముందుది పక్కపక్కనే వచ్చి నిలబడతాయి. ఏది తడిపింది, ఏది ఎండగట్టింది అన్నది ముందు గుర్తొస్తుంది, ఏ సంవత్సరమన్నది తర్వాత. మిల్లులో కంప్యూటర్ ముందు కూర్చుంటే మళ్లీ తేదీల మనిషినే. సినిమాలోలా రేపేం జరుగుతుందో ఇందులో తెలియదు. వాన పడుతుందో లేదో మా అత్తకూ తెలియదు. దేనికోసం ఎదురుచూడాలో మాత్రం తెలుసు. వానలు తక్కువైన ఈ జిల్లాలో అది చిన్న విషయం కాదు.

మా పిల్లలకు ఇంగ్లిష్ నెలలు గడగడా వస్తాయి. కార్తెల్లో ఒక్కటీ తెలియదు. ఏ గ్రహం నుంచో రావాల్సిన భాష గురించి పూర్తి పేజీ ఇచ్చిన మీరు, అవ్వల నోట్లో ఇంకా బతికున్న ఈ లెక్కకు జిల్లా పేజీలో చిన్న బాక్స్ ఇవ్వగలరా? మృగశిర నుంచి మొదలుపెట్టి కార్తె పేరు, అది మొదలయ్యే తేదీ, ఆ కార్తెలో ఏ మండలంలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో వేయండి. గడిచిన కొన్నేళ్ల అంకెలు కూడా పక్కనే ఉంటే, ఆరుద్ర నిజంగానే వట్టిపోతోందా లేక మా అత్త బెంగేనా అన్నది లెక్క చూసి మాట్లాడుకుంటాం.

– ఒక పాఠకురాలు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా