‘డాక్టర్ పెప్పర్’లో డాక్టరెవరు?

సంపాదకునికి,

1885లో టెక్సాస్‌లోని వేకోలో, వేడ్ మారిసన్ మందుల దుకాణంలో పనిచేసే చార్లెస్ ఆల్డర్టన్ ఒక కొత్త సోడా పానీయం కలిపాడు; అదే ‘డాక్టర్ పెప్పర్’. పేరు పెట్టింది మాత్రం యజమాని మారిసన్ అంటారు. వర్జీనియాలోని రూరల్ రిట్రీట్‌లో డాక్టర్ చార్లెస్ పెప్పర్ దగ్గర పనిచేస్తూ ఆయన కూతుర్ని ప్రేమించాడని, తండ్రి తరిమేస్తే టెక్సాస్ చేరి ఆ పేరు పెట్టాడని ప్రచారం. సినిమాకు సరిపోయే కథే, కానీ మారిసన్ టెక్సాస్ వెళ్లేనాటికి ఆ అమ్మాయి చిన్నపిల్ల.

ఇలాంటి కథ వినగానే చూడాల్సింది జనాభా లెక్కల పుస్తకం. 1880 లెక్కల్లో మారిసన్ కనిపించేది రూరల్ రిట్రీట్‌లో కాదు, దాదాపు 50 మైళ్ల దూరంలోని క్రిస్టియన్స్‌బర్గ్‌లో, మందుల దుకాణం గుమాస్తాగా. ఆ తర్వాతి పేజీలోనే మరో డాక్టర్ పెప్పర్, ఆయన 16 ఏళ్ల కూతురు. గణకులు ఇంటింటికీ తిరిగి వరుసగా రాసేవారు కనుక పక్క పేజీ అంటే సాధారణంగా దగ్గరి ఇళ్లే. అయినా పొరుగు వేరు, ప్రేమ వేరు. పేరు ఎందుకు పెట్టాడో ఏ లెక్కల పుస్తకమూ చెప్పదు. 1890 పుస్తకాల్లో దాదాపు అన్నీ 1921 అగ్నిప్రమాదం వల్ల పోయాయి గనుక 1880 తర్వాత ఏకంగా 1900కి దూకాలి.

ఇంకో మాట. ‘డాక్టర్’ను పొట్టిగా రాసే ఇంగ్లిష్ అక్షరాల పక్కనున్న చుక్కను కంపెనీ 1950లలో తీసేసింది. కొత్త అక్షరాల తీరులో చుక్క ఉంటే చదవడం కష్టమైందట. పాత సీసాల కాలం అంచనా కట్టేవారికి ఇది పనికొచ్చే గుర్తు.

— ఒక పాఠకుడు