వినలేని మనిషికి ‘చదివి వినిపించాం’ అని రాస్తే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా తమ్ముడు పుట్టుకతో బధిరుడు. వయసు 34. బస్టాండు దగ్గర చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాడు. గత ఫిబ్రవరిలో ఒక రాత్రి ఎవరో షాపు తాళం పగలగొట్టి రెండు కుట్టు మిషన్ల మోటార్లు, ఒక పెళ్లివారు కుట్టమని ఇచ్చిన బట్టల మూట ఎత్తుకుపోయారు. పొద్దున్నే చూసుకుని, నాకు మెసేజ్ పెట్టి, నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లాడు. నేను పక్క మండలంలో టీచర్ని. సెలవు చెప్పి, బస్సెక్కి వచ్చేసరికి రెండున్నర గంటలు పట్టింది. అప్పటికీ వాడు వరండాలో బల్ల మీదే కూర్చుని ఉన్నాడు.

చేతిలో నోటుబుక్కు. అందులో వాడు రాసింది ఇది: ‘రాత్రి షాపు తాళం పగిలి. మిషన్ మోటారు 2 లేదు. బట్టలు పెళ్లి కస్టమర్ లేదు. నేను పొద్దున 7 చూశాను.’ నాకైతే అందులో అంతా ఉంది. ఎప్పుడు, ఎక్కడ, ఏం పోయింది, ఎవరు చూశారు, అన్నీ. కానీ అక్కడున్న కానిస్టేబుల్‌కి అది అర్థం లేని రాతలా కనిపించింది. చదువు రాదనుకున్నారు. మా వాడు బధిరుల పాఠశాలలో పదో తరగతి పాసయ్యాడు. సైగల భాషకు దాని వ్యాకరణం దానికుంది. మనం కి, కు, లో, తో అని మాటకు అతికించేదాన్ని వాళ్లు చెయ్యి కదిలే చోటుతో, ముఖంతో చెబుతారు. చిన్నప్పటి నుంచి ఆ భాషలో ఆలోచించే మనిషికి తెలుగు రెండో భాష. అందుకే రాతలో విభక్తులు జారిపోతాయి, విషయం జారిపోదు.

అక్కడ ఎవరూ వాణ్ని కొట్టలేదు, తిట్టలేదు. ఒక హోంగార్డు టీ కూడా తెప్పించి ఇచ్చాడట. అయితే ప్రతి ఒక్కరూ చెవి దగ్గరికొచ్చి గట్టిగా అరిచారు. అరిస్తే వినపడదు కదా! విజయవాడలో ఉన్న సైగల భాష తెలిసిన మిత్రుడికి వాడు వీడియో కాల్ చేయబోతే, స్టేషన్‌లో ఫోన్ తియ్యొద్దని సైగ చేసి జేబులో పెట్టించారు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. ఆ ఫోనే వాడి నోరు.

నేను వెళ్లాక, స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే రైటర్ గారు, “ఏమ్మా, ముందే చెప్పాలి కదా, మాకేం తెలుస్తుంది?” అన్నారు. “ఎవరికి చెప్పాలి సార్?” అని అడిగాను. ఆయన దగ్గర జవాబు లేదు. అది ఆయన తప్పని నేను అనుకోవడం లేదు. ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఎఫ్ఐఆర్ నకలు ఇంటికి తెచ్చాక తీరిగ్గా చదివాను. రెండు మోటార్లు ఒకటయ్యాయి. పెళ్లివారి బట్టల ప్రస్తావనే లేదు. కింద మా తమ్ముడి సంతకం. దానికి పైన, ఫిర్యాదుదారుకు చదివి వినిపించగా సరిగా నమోదైనట్టు ఒప్పుకున్నారన్న అర్థంలో అచ్చులో ఒక వాక్యం. ఎవరికి వినిపించారు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్నం తింటూ వాడే కాగితం మీద ఆ వాక్యాన్ని చూపించి, నేను ఒప్పుకున్నానా అని సైగ చేసి అడిగాడు. తప్పులు సరిచేయించడానికి ఆ తర్వాత రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాం. ఈలోగా పెళ్లివారికి బట్టల డబ్బు మేమే కట్టాం.

అప్పటి నుంచి చట్టం చదవడం మొదలుపెట్టాను. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షన్ కోర్టుల గురించే కాదు, దర్యాప్తు అధికారాలున్న ఏ సంస్థ దగ్గరికైనా వికలాంగులు వివక్ష లేకుండా వెళ్లగలగాలి అంటుంది. పోలీస్ స్టేషన్ కంటే దర్యాప్తు సంస్థ ఇంకేముంది? వాళ్ల వాంగ్మూలాన్ని వాళ్లు కోరుకున్న భాషలో, వాళ్లకు వీలైన పద్ధతిలో నమోదు చేసే ఏర్పాట్లు ప్రభుత్వమే చేయాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. 7వ సెక్షన్ ఇంకో మాట అంటుంది. వికలాంగులపై హింస గురించి ఫిర్యాదు అందితే, రక్షణ కోరే హక్కు, ఉచిత న్యాయసహాయం, దగ్గర్లో పునరావాసం కల్పించే సంస్థ, ఈ వివరాలన్నీ పోలీసు అధికారే బాధితులకు చెప్పాలి. అడిగితే చెప్పడం కాదు, తనంతట తాను చెప్పాలి.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, అంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం, లైంగిక నేరాల్లో బాధితురాలు వికలాంగురాలైతే పోలీసులే ఆమె ఇంటికో ఆమెకు వీలైన చోటికో వెళ్లాలి, దుబాసీనో ప్రత్యేక ఉపాధ్యాయుడినో దగ్గర పెట్టుకోవాలి, వీడియో తీయాలి. 179వ సెక్షన్ ప్రకారం సాక్షిగా విచారించాల్సిన వికలాంగులను స్టేషన్‌కి రమ్మని ఒత్తిడి చేయకూడదు, వాళ్లుండే చోటికే వెళ్లాలి. మంచి నిబంధనలే. కానీ మా తమ్ముడిది దొంగతనం కేసు. దొంగతనం జరిగినవాడికి కూడా దుబాసీ కావాలి కదా?

మెట్ల సంగతీ చెప్పాలి. మా స్కూల్లో పనిచేసి రిటైరైన ఒక మాస్టారు చక్రాల కుర్చీలో తిరుగుతారు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపవచ్చని ఆయనకు తెలుసు, పంపారు కూడా. అయితే మూడు రోజుల్లో సంతకం పెడితేనే అది నమోదవుతుంది. ఆ సంతకం కోసం ఆయన స్టేషన్‌కి వెళ్తే ఎదురుగా నాలుగు మెట్లు. పక్కన ర్యాంపు ఉంది, దాని మీద కేసుల్లో పట్టుకున్న బైకులు తుప్పు పట్టి పడి ఉన్నాయి. ఖాళీగా ఉన్నా కుర్చీ ఎక్కేది కాదు, అంత నిటారుగా కట్టారు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. చివరికి ఆయన జీపు పక్కన, ఎండలో, మోకాలి మీద కాగితం పెట్టుకుని సంతకం చేశారు.

పాత ప్రభుత్వ భవనాలన్నీ అయిదేళ్లలో వికలాంగులకు వీలుగా మార్చాలని వికలాంగుల హక్కుల చట్టం చెప్పింది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి కాబట్టి ఆ గడువు 2022 జూన్‌లోనే తీరింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు కేవలం సిఫార్సులుగా మిగిలిపోవడం చట్టానికే విరుద్ధమని, మూడు నెలల్లో తప్పనిసరి నిబంధనలు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో దేశమంతా పరిస్థితి చూసి కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రమే. ఇంత దగ్గర్లో జరిగిన పని మన స్టేషన్ల గడప దాటలేదు.

2011 జనగణన నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులు 22 లక్షల పైచిలుకు. అప్పుడు లెక్కించిన రకాలు తక్కువ, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. అంటే నిజంగా ఉన్నవాళ్లు అంతకంటే ఎక్కువ. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఇచ్చి పింఛను ఇస్తున్నారు, సంతోషం. అదే మనిషి బాధితుడిగా స్టేషన్ మెట్లెక్కితే ఆ సర్టిఫికెట్ చూసి ఏం చేయాలో అక్కడివారికి తెలియాలి.

ఇంకో భయం కూడా ఉంది. మా వాడికి లైసెన్సు ఉంది, బైకు మీదే తిరుగుతాడు. రాత్రి తనిఖీలో వెనక నుంచి ఈల వేస్తే వాడికి వినపడదు. ఆగకుండా వెళ్లినవాడు పారిపోతున్నాడనే అనుకుంటారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో అని వాడు ఇంటికొచ్చే దాకా అమ్మ గుమ్మంలోనే కూర్చుంటుంది.

నేను అడిగేది కోట్లు ఖర్చయ్యే పని కాదు. బధిరుడు ఫోన్ తీసి వీడియో కాల్ చేస్తే ఆపకండి. సైగల భాష తెలిసినవారి జాబితా ఒకటి జిల్లా పోలీసు కార్యాలయం తయారుచేసి ప్రతి స్టేషన్‌కీ ఇవ్వాలి. వెతుక్కోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల టీచర్లున్నారు. వాళ్లను పిలిచిన రోజుకు భత్యం ఇవ్వాలి. అంధులకు ఎఫ్ఐఆర్ నకలు ఫోన్ చదివి వినిపించగలిగే ఫైలుగా పంపాలి. బధిరుల విషయంలో, ‘చదివి వినిపించాం’ అన్న వాక్యం పక్కన ఎవరి ద్వారా, ఏ భాషలో తెలియజేశారో రాసి, ఆ దుబాసీ సంతకం తీసుకోవాలి. ర్యాంపు మీది బైకులను రేపే తీయించవచ్చు.

ఈ లేఖ నకలు మా జిల్లా ఎస్పీ గారికి కూడా పంపుతున్నాను. మా మండల భవిత కేంద్రంలో సైగల భాష తెలిసిన ఇద్దరు టీచర్లతో మాట్లాడాను, ఎప్పుడు పిలిచినా వస్తామన్నారు. వాళ్ల అనుమతితో ఫోన్ నంబర్లు ఆ నకలుకు జత చేశాను.

భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయిని