మొదటి సర్వీసు వేరు, మొదటి ఆయిల్ మార్పు వేరు

సంపాదకులకు,

కొత్త కారుకు 1,000 కిలోమీటర్లకే ఇంజిన్ ఆయిల్ మార్చేయాలని మీ వాహనాల పేజీలో ఒక పాఠకుడికి జవాబిచ్చారు. ఒకప్పటి కార్లకు అది సరైన మాటే. ఇప్పుడొస్తున్న వాటిలో చాలావాటికి అది వర్తించదు. పైగా ఆ జవాబు రెండు వేర్వేరు పనుల్ని కలిపేసింది. నెలకో 1,000 కిలోమీటర్లకో పిలిచే మొదటి సర్వీసులో చాలా కంపెనీలు చేసేది తనిఖీ మాత్రమే. లీకులున్నాయా, బోల్టులు బిగుతుగా ఉన్నాయా, బ్రేకులు, టైర్లలో గాలి, కూలెంట్, ఆయిల్ మట్టం చూసి పంపేస్తారు. ఆయిల్ మార్పు ఎక్కువ మోడళ్లకు 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అప్పుడు. సర్వీసైపోయింది కాబట్టి ఆయిల్ కూడా మారిపోయిందని నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు. మార్చలేదని తెలిసి మోసం జరిగిందని తగువుకు దిగేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ జాబ్‌కార్డు, అంటే సర్వీసులో చేసిన పనుల జాబితా, చదవనివాళ్లే.

పాత నియమం ఊరికే పుట్టలేదు. కొత్త సిలిండర్ గోడ అద్దంలా ఉండదు. ఆయిల్ నిలవడం కోసం హోనింగ్‌లో, అంటే గోడను రాతితో నునుపు చేసే పనిలో, ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకునేలా సన్నటి గీతలు పెడతారు. ఇంజిన్ నడిచేకొద్దీ ఆ గీతల మొనలు అరిగి, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు గోడకు కుదురుకుంటాయి. అరిగిన రజను ఆయిల్‌లోకి చేరుతుంది. అందుకే మొదటి ఆయిల్‌ను ల్యాబ్‌లో పరీక్షిస్తే ఇనుము, రాగి తర్వాతి ఆయిళ్లకన్నా ఎక్కువ కనిపిస్తాయి. సిలికాన్ కూడా ఎక్కువే ఉంటుంది. అది చాలావరకు బిగింపులో వాడిన సీలెంట్లది, లోపలికి దుమ్ము పోతోందని బెంబేలు పడనక్కర్లేదు. మెషీనింగ్ ఇంత కచ్చితంగా లేని రోజుల్లో, ఆయిళ్లూ ఫిల్టర్లూ ఇంత మెరుగుపడని రోజుల్లో, ఆ రజనును త్వరగా దించేయడమే మేలు. ఇప్పుడు అరుగుదల తక్కువ. పెద్ద రేణువుల్ని ఫిల్టర్ ఆపుతుంది. 

అయినా ఒకే అంకె అందరికీ అతకదు. కొత్త బండి ఆయిల్‌ను నిర్ణీత సమయం రాకముందు మార్చవద్దని హోండా తన మాన్యువళ్లలో చెబుతుంది. బీఎండబ్ల్యూ వారి వేగవంతమైన ఎం కార్లకు మాత్రం 2,000 కిలోమీటర్లకే ఆయిల్ మార్పుతో కూడిన రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజిన్ కుదురుకునే దశ) సర్వీసు తప్పనిసరి. రెండూ తయారీదార్లు చెప్పినవే. కాబట్టి చూడాల్సింది పక్కింటివారి కారును కాదు, మీ కారు మాన్యువల్‌లోని షెడ్యూలు పేజీని.

ఆ పేజీ పక్కనే, ఆయిల్‌ను ముందే మార్చాల్సిన కఠిన పరిస్థితుల పట్టిక ఉంటుంది. అది ఎడారుల్లో తిరిగే బండ్లకని చాలామంది దాటేస్తారు. నిజానికి అందులో రాసేది రోజువారీ నడకే: ప్రతిసారీ ఎనిమిది, పది కిలోమీటర్ల లోపు ప్రయాణాలు, ఆగి ఆగి సాగే ట్రాఫిక్, గంటలకొద్దీ ఐడ్లింగ్ (బండి కదలకుండా ఇంజిన్ నడవడం), దుమ్ము రోడ్లు, బరువు లాగడం. చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువగా అందుతుంది. అందులో కొంత మండకుండా రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. తేమ కూడా చేరుతుంది. ఆయిల్ బాగా కాగితే ఇవి ఆవిరైపోతాయి, చిన్న ప్రయాణాల్లో అది కాగేలోపే ఇల్లొచ్చేస్తుంది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో ఈ బాధ ఇంకా ఎక్కువ. ఇలా తిరిగే కొత్త బండికి మా లెక్క 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు. సరైన గ్రేడు పోసి ఫిల్టర్ కూడా మారిస్తే, మాన్యువల్ వద్దననంత వరకు, కాస్త ముందు మార్చడంవల్ల ఖర్చే తప్ప నష్టం లేదు. హైవే మీద దూరాలు తిరిగే బండికి మాన్యువల్ గడువు చాలు. తక్కువ తిరిగే బండికి మాత్రం కిలోమీటర్లను కాదు, క్యాలెండర్‌ను చూడాలి. 3,000 కూడా దాటకపోయినా ఏడాదైతే మార్చాల్సిందే.

ఆయిల్ ఎప్పుడు మార్చాలని ఇంతగా అడిగేవాళ్లు దాని మట్టం ఎంతుందో చూడరు. మాకు అసలు దిగులు అదే. రింగులు కుదురుకునేదాకా కొత్త ఇంజిన్ కొంత ఆయిల్ తాగుతుంది. 1,000 కిలోమీటర్లకు లీటరు వరకు మామూలేనని రాసుకున్న మాన్యువళ్లున్నాయి. కనిష్ఠ, గరిష్ఠ గుర్తుల మధ్య తేడా చాలా కార్లలో సుమారు లీటరే. అంటే 10,000 దాకా బానెట్ ఎత్తనివారికి ఇంజిన్ పాడయ్యే అవకాశం ఆయిల్ పాతబడడంవల్లకన్నా తగ్గిపోవడంవల్లే ఎక్కువ. మొదటి 5,000 కిలోమీటర్లలో ప్రతి 1,000కి ఒకసారైనా చూడండి. వేడెక్కిన బండిని సమతలం మీద ఆపి, ఇంజిన్ కట్టేసి, ఐదు నుంచి పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ (మట్టం కొలిచే పుల్ల) తీసి తుడిచి, పూర్తిగా దించి మళ్లీ తీయాలి. మట్టం తగ్గడమే కాదు, పెరిగినా అనుమానించాలి. పెట్రోలు కలుస్తుండొచ్చు. పొగలోని మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న డీజిల్ కార్లయితే, ఆ ఫిల్టర్ మసిని కాల్చుకునే పని మధ్యలో ఆగిపోయిన ప్రతిసారీ కొంత డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. పాల రంగు నురగ తేమ వల్ల కావచ్చు, కూలెంట్ కలిసీ కావచ్చు. కూలెంట్ కూడా తగ్గుతుంటే బండి నడపకుండా చూపించాలి. నల్లబడడం మాత్రం జబ్బు కాదు. డీజిల్ ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది, మసిని పట్టి ఉంచడం దాని పనే.

గ్రేడు, అంటే ఆయిల్ ఎంత పలచనో చెప్పే అంకెల విషయంలో ప్రయోగాలొద్దు. 0డబ్ల్యూ-20 అని రాసిన ఇంజిన్‌లో చిక్కగా ఉంటే మేలని 20డబ్ల్యూ-50 పోస్తే, చల్లటి స్టార్టింగ్‌లో ఆయిల్ పైకి చేరడం ఆలస్యమవుతుంది. సింథటిక్ పోస్తే రింగులు కుదరవన్న భయం కూడా పాతదే. అమెరికా స్పోర్ట్స్ కారు కార్వెట్ 1992 నుంచి ఫ్యాక్టరీలోనే సింథటిక్ నింపుకుని వస్తోంది. రింగులు కుదరడానికి కావాల్సింది నడిపే తీరు: మొదటి 1,000 కిలోమీటర్లు ఒకే వేగంలో గంటలకొద్దీ పోకుండా, యాక్సిలరేటర్ అదిమేయకుండా, మరీ నీరసంగానూ నడపకుండా ఉంటే చాలు.

మార్చే రోజు దగ్గరుండి చూసేవారికి కొన్ని మాటలు. గోరువెచ్చగా ఉన్నప్పుడే ఆయిల్ దించాలి. ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయాలి, బిగింపు ఎంత బలంతోనో కొలిచే టార్క్ రెంచితోనే. సంప్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) అల్యూమినియందైతే అతిబిగింపుకు మరలు తెగుతాయి. తిప్పి బిగించే స్పిన్-ఆన్ ఫిల్టర్ రబ్బరుకు ఆయిల్ రాసి, అతుక్కున్నాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే సాధారణంగా సరిపోతుంది. పాత రబ్బరు ఇంజిన్‌కే అంటుకుపోయి దాని మీద కొత్తది ఎక్కితే ఆయిలంతా రోడ్డు పాలే. డబ్బా ఖాళీ చేసేయకుండా మాన్యువల్‌లోని పరిమాణమే పోయాలి. ఎక్కువైతే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ ఇరుసు తాకిడికి ఆయిల్ నురగెత్తి పీడనం పడిపోతుంది. ఒక నిమిషం నడిపి, ఆపి, లీకూ మట్టమూ మళ్లీ చూడాలి.

బిల్లులో తేదీ, రీడింగ్, గ్రేడు, ఫిల్టర్ నంబరు రాయించుకుంటే వారంటీ పేచీ వచ్చినప్పుడు అక్కరకొస్తుంది. డ్యాష్‌బోర్డులో సర్వీసు గుర్తును రీసెట్ చేయించడం మరవద్దు. చాలా కార్లలో అది ఆయిల్‌ను పరీక్షించి వెలిగేది కాదు, నడిచిన తీరునుబట్టి లెక్కకట్టేది. పాత లెక్కే సాగితే తర్వాతి గడువు తప్పుగా చూపిస్తుంది.

ఇట్లు,
ఇంజిన్ పని చేసే కొందరు మెకానిక్‌లు