మాంచెస్టర్ టౌన్ హాల్ తలుపులు తెరిచేది ఎవరికోసం? లార్డ్ మేయర్‌కు ఒక బహిరంగ లేఖ

మాంచెస్టర్ నగర లార్డ్ మేయర్ గారికి,

నమస్కారం.

2018 జనవరిలో మరమ్మతులకని మూసేసిన మీ టౌన్ హాల్‌ను తిరిగి జనానికి అప్పగించే విషయమై ఈ ఉత్తరం. ఇదే సంగతి ఇంగ్లీషులో మీ కార్యాలయానికి విడిగా రాస్తున్నాను. తెలుగులో ఎందుకంటే, మీ ఊళ్ళో చదువుకుంటూ, ఆసుపత్రుల్లో డ్యూటీలు చేస్తూ, ఐటీ ఉద్యోగాల్లో ఉన్న మావాళ్ళు చాలామంది టౌన్ హాల్ ముందున్న ఆల్బర్ట్ స్క్వేర్‌లో అడ్డుగా కట్టిన కంచెనే తప్ప భవనాన్ని చూడలేదు. లోపల ఏముందో వాళ్ళకూ తెలియాలి.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. టౌన్ హాల్ నడిమధ్యనున్న పెద్ద సభామందిరం, గ్రేట్ హాల్‌లోకి టికెట్ కొనకుండా, ఏ విందుకూ పిలుపు అక్కర్లేకుండా, దారిన పోయే మనిషి వెళ్ళి కాసేపు కూర్చునే వీలుండాలి. ఆ గోడల మీది బొమ్మలు చెప్పకుండా వదిలేసిన సంగతిని, అంటే మీ ఊరికి పత్తి ఎక్కడినుంచి వచ్చింది, నేసిన గుడ్డ ఎక్కడికి పోయింది అన్నదాన్ని, అక్కడే చెప్పే ఏర్పాటు ఉండాలి. మిగిలిన ఉత్తరమంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

మీ ఊరికి 1838లో మున్సిపల్ హోదా, 1853లో నగర హోదా వచ్చాయి. అప్పటికే కింగ్ స్ట్రీట్‌లోని పాత టౌన్ హాల్ ఇరుకైపోయింది. దాని ముందున్న స్తంభాల వరుసను తర్వాత ఊడదీసి హీటన్ పార్కుకు తరలించారు. ఇప్పటికీ చెరువు పక్కన, వెనక గదుల్లేకుండా, ముఖం మాత్రం మిగిలిన భవనంలా నిలబడి ఉంది. కొత్తదానికి పోటీ పెడితే 137 నమూనాలు వచ్చాయి. గెలిచిన ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌస్ నమూనాకు అందంలో వచ్చింది నాలుగో స్థానం. ఈ ఒక్క సంగతితో ఆ కమిటీ మీద నాకు గౌరవం పెరిగింది. వెలుతురు ఎలా వస్తుంది, గాలి ఎలా ఆడుతుంది, గదులు ఎలా కుదురుతాయి అన్న లెక్కల్లో వాటర్‌హౌస్‌ది అందరికన్నా ముందుంది, అందుకని పని ఆయనకే ఇచ్చారు. అందాల పోటీలో నాలుగోవాడికి ఇంత పెద్ద పని అప్పజెప్పే ధైర్యం ఈరోజు ఏ ఊళ్ళో ఏ కమిటీకుందో చెప్పండి.

1868లో శంకుస్థాపన జరిగింది. స్థలం చూస్తే మూడు మూలలు. వాస్తు చూసే మావాళ్ళు అక్కడ పునాది తవ్వనిచ్చేవారు కాదు. వాటర్‌హౌస్ మాత్రం ఆ వంకరనే వాడుకున్నాడు. మూడు వైపులా కార్యాలయాలు పేర్చి, నడిమధ్యన గ్రేట్ హాల్‌ను కూర్చోబెట్టి, వాటి మధ్య ఆకాశం కనిపించేలా ఖాళీలు వదిలాడు. మా పాత ఇళ్ళలో మండువా ఎందుకుండేదో, ఇక్కడ ఆ ఖాళీలు అందుకే. కరెంటు దీపాలింకా రాని కాలం, పైన మాంచెస్టర్ ఉన్న లాంకషైర్ ప్రాంతపు మిల్లుల పొగ, శీతాకాలం మూడున్నరకే చీకటి. గుమాస్తా లెడ్జరు చదవాలంటే వెలుతురును ఎలాగో ఒకలా లోపలికి తేవాల్సిందే.

బయటినుంచి చూస్తే అది పదమూడో శతాబ్దపు గోతిక్ కట్టడంలా ఉంటుంది. కోసుగా లేచిన తోరణాలు, ద్వారం మీద రోమన్ గవర్నర్ అగ్రికోలా విగ్రహం, 280 అడుగుల గడియారం గోపురం. లోపలి పనితనం మాత్రం పూర్తిగా పంతొమ్మిదో శతాబ్దానిది. దీపాలకు గ్యాసు తెచ్చే గొట్టాల్ని మెట్ల కమ్మీల కింద దాచేశారు. కిటికీల కింద రాతిలో చెక్కిన రంధ్రాల్లోంచి చల్లగాలి వచ్చి, వేడినీళ్ళ గొట్టాల్ని తాకి వెచ్చబడి గదిలోకి చేరుతుంది. గ్రేట్ హాల్‌కు ఎక్కే పెద్ద మెట్లు ఎత్తు తక్కువగా కట్టారు, నేలను ఊడ్చే గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళు తడబడకుండా ఎక్కడానికి. ఈ చిన్న చిన్న ఏర్పాట్ల దగ్గరే ఆ వాస్తుశిల్పి తెలివి తెలుస్తుంది. లండన్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం చూసి నోరెళ్ళబెట్టిన మావాళ్ళలో చాలామందికి తెలియదు, అదీ ఈయన కట్టిందే, దీని తర్వాత.

రాయి బ్రాడ్‌ఫర్డ్ దగ్గర స్పింక్‌వెల్ గనిది. పొగకు తట్టుకుంటుందని ఏరి తెచ్చారు. మాంచెస్టర్ పొగ దాన్ని కూడా నల్లగా చేసి వదిలింది, తర్వాతి తరాలు కడిగి తెల్లబరచాల్సి వచ్చింది.

ఇక ప్రారంభోత్సవం. విక్టోరియా రాణిని పిలిచారు, ఆవిడ రాలేదు. కారణం మేయర్ అని ఊళ్ళో చెప్పుకున్నారు. మేయర్ పేరు ఏబెల్ హేవుడ్. కుర్రతనంలో పత్రికలమ్మేవాడు. ఆ రోజుల్లో వార్తాపత్రిక మీద స్టాంపు పన్ను ఉండేది, దానివల్ల పత్రిక ధర కూలీలకు అందేది కాదు. హేవుడ్ స్టాంపు లేని పత్రికలమ్మి, జరిమానా కట్టనని మొండికేసి, 1832లో నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. ఆ మనిషే తర్వాత పెద్ద ప్రచురణకర్తై, రెండుసార్లు మేయరై, ఈ భవనం పూర్తయ్యేదాకా వెంటపడ్డాడు. 1877 సెప్టెంబర్ 13న రాణి లేకుండా ఆయనే తలుపులు తీశాడు. రెండు రోజుల తర్వాత చేతిపనులవాళ్ళు, మిల్లు కార్మికులు తమ సంఘాల జెండాలు పట్టుకుని, నలభై వేల మందికి పైగా, ఆ భవనం ముందునుంచి ఊరేగింపుగా వెళ్ళారు. రాణి వచ్చి ఉంటే ఆ వారం చరిత్రలో ఆవిడ బండి గురించే రాసేవారు. గోపురంలో వేలాడే 8 టన్నులు దాటిన గంటకు ‘గ్రేట్ ఏబెల్’ అన్న పేరు ఆ జైలుపక్షిదే. లార్డ్ మేయర్ గారూ, మీరు కూర్చున్న కుర్చీకున్న వంశం ఇది.

గ్రేట్ హాల్ సంగతికి వస్తాను. పైకప్పు మీద మాంచెస్టర్ వ్యాపారం చేసిన దేశాల, నగరాల చిహ్నాలు. గోడలకు రెండువైపులా కలిపి ఫోర్డ్ మాడొక్స్ బ్రౌన్ వేసిన 12 పెద్ద చిత్రాలు. 1879లో మొదలుపెట్టి 1893లో ముగించాడు. మొదటివి నేరుగా గోడ మీదే వేశాడు, తర్వాతివి కాన్వాసు మీద వేసి గోడకు అంటించారు. చివరికొచ్చేసరికి పక్షవాతంతో కుడిచెయ్యి సహకరించకపోతే ఎడమచేత్తో గీసి పూర్తిచేశాడు, అదే ఏడు కన్నుమూశాడు. చిత్రాల్లో గంభీరమైన చరిత్ర తక్కువ, కొంటెతనం ఎక్కువ. రోమన్లు కోట కట్టడంతో మొదలై, రసాయన శాస్త్రవేత్త జాన్ డాల్టన్ బురదగుంటలో గ్యాసు పట్టడంతో వరస ముగుస్తుంది. డాల్టన్ పక్కన పిల్లలు ఈ పెద్దాయనకేం పనిలేదా అన్నట్టు చూస్తుంటారు.

నాకిష్టమైనవి రెండు. ఒకటి విలియం క్రాబ్‌ట్రీది. ఈయన బట్టల వర్తకుడు. 1639లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా జారడాన్ని చీకటిగదిలో కాగితం మీద పడిన వెలుగుచుక్కలో చూసిన ఇద్దరిలో ఒకడు. అప్పటికి ఆయనకు ముప్పై కూడా నిండలేదు, బ్రౌన్ మాత్రం ముసలివాణ్ణి చేసి కూర్చోబెట్టాడు. రెండోది జాన్ కే. చేత్తో విసరక్కర్లేకుండా తాడు లాగితే పరిగెత్తే నాడెను కనిపెట్టినవాడు. మగ్గం ముందు కూర్చున్న ఇంట్లో పుట్టిన వాళ్ళెవరైనా ఈ బొమ్మ ముందు ఆగుతారు. నాడె పరుగెడితే ఒక్క మనిషి ఇద్దరి పని చేస్తాడు, మరి రెండోవాడి గతేమిటి? ఆ రెండోవాళ్ళే కిటికీ పగలగొట్టి లోపలికి దూరుతున్నారు. కేను దుప్పట్లో చుట్టి మోసుకుపోతున్నారు, భార్య ఆఖరి ముద్దు పెడుతోంది. చీరాలలోనో పోచంపల్లిలోనో మరమగ్గాలొచ్చినప్పుడు మా నేతన్నలు పడ్డ భయం ఇదే. బ్రౌన్ దాన్ని వెక్కిరించలేదు, అల్లరిమూక అని చిన్నబుచ్చనూ లేదు.

అంత చూడగలిగినవాడి వరసలో పత్తి మిల్లు లోపలి దృశ్యం ఒక్కటీ లేదు. 1363లో ఫ్లెమిష్ నేతగాళ్ళొచ్చి స్థిరపడటం ఉంది, 1761లో బ్రిడ్జ్‌వాటర్ కాలువ తెరవడం ఉంది. ఊరికి అన్నం పెట్టిన మిల్లు లేదు. ఆ హాలుకు కాస్త దూరంలోనే, 1819 ఆగస్టు 16న ఓటు హక్కు కావాలని సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో గుమిగూడిన సుమారు 60,000 మంది మీదికి గుర్రపు దళాన్ని తోలి, 18 మందిదాకా ప్రాణాలు తీసిన పీటర్‌లూ ఊచకోత కూడా లేదు. హాలు బయట మొజాయిక్ నేల మీద ఊరి కష్టానికి గుర్తైన తేనెటీగలు, నూలు పోగుల్లాంటి తెల్లని గీతలు మాత్రం ఉన్నాయి. నూలు కాళ్ళకింద ఉంది, గోడమీదికి ఎక్కలేదు. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో పాటకచేరీ దగ్గర జరిగిన బాంబు పేలుడు తర్వాత ఊరంతా ఆ తేనెటీగనే గుండెకు తగిలించుకుంది, మర్నాడు జనం చేరి కన్నీళ్ళు పెట్టుకుంది ఈ భవనం ముందే. కాబట్టి ఈ నేల గోడలు ఎవరో కొందరివి అనడానికి లేదు.

ఇక్కడ మా లెక్క ఒకటి ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టింది మా అద్దకం గుడ్డల కోసం. ఆ గుడ్డలు లండన్‌లో ఎంత చెల్లాయంటే, 1721లో అద్దకపు నూలు బట్టలు కట్టుకోవద్దని ఇంగ్లండ్ చట్టం చేసింది. తర్వాతి వందేళ్ళలో మాంచెస్టర్ ఆ విద్య మరలకు నేర్పింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిల్లు గుడ్డ ఓడలెక్కి మా రేవుల్లోనే దిగి, మా మగ్గాల్ని మూలకు చేర్చింది. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఆగిపోతే, ఆ పత్తిని పండించిన బానిసల చెర వీడాలని కోరుతూ పస్తులున్న మాంచెస్టర్ కార్మికులు లింకన్‌కు ఉత్తరం రాశారు. 1863 జనవరిలో ఆయన జవాబిచ్చాడు. ఆ కరువులో భారత పత్తి దిగుమతి చేసుకున్నారు. అంతటినీ కలిపి ‘సూరత్’ అనేవారు. పోగు పొట్టి, మర మీద ఊరికే తెగిపోయేది, తెగితే కూలి కోత. లాంకషైర్ నేతపనివాడు సూరత్‌ను తిట్టుకున్నాడు, మా దేశపు రైతు దాన్ని అమ్మి నాలుగు రోజులు బతికాడు. 1921లో మా ఊళ్ళ కూడళ్ళలో విదేశీ గుడ్డల్ని తగలబెట్టినప్పుడు అందులో ఎక్కువ మీ వైపు మిల్లులవే. పదేళ్ళకు గాంధీ లాంకషైర్ వచ్చినప్పుడు, ఆ బహిష్కారం దెబ్బకు పనులు పోయిన కార్మికులే ఆయన్ని ఆప్యాయంగా చూశారు. ఆయన విగ్రహం ఇప్పుడు మీ కెథడ్రల్ దగ్గరే ఉంది.

మాకు నష్టపరిహారం ఇప్పించమని ఈ ఉత్తరం రాయడం లేదు. బ్రౌన్ బొమ్మల మీద కొత్త బొమ్మ వెయ్యమనీ అనడం లేదు, అవి అలాగే ఉండాలి. బొమ్మల పక్కనే, చూసేవాడికి అందే ఎత్తులో, వాటిలో లేనిదేమిటో రెండు ముక్కల్లో రాయండి: అమెరికా పత్తిపొలాల్లో బానిసలు, మిల్లులో పిల్లలు, మచిలీపట్నం అద్దకంవాళ్ళు, పీటర్‌లూలో ప్రాణాలు పోయినవాళ్ళు. గైడ్లకు ఇదంతా నేర్పండి. మీ నగరంలో దాదాపు 200 భాషలు వినిపిస్తాయని మీ విశ్వవిద్యాలయం పరిశోధకులే లెక్క చెప్పారు. ఆ రాతల్లో తెలుగు కూడా ఉంటే సంతోషిస్తాను. లేకపోయినా ఇంగ్లీషులో నిజం ఉంటే చాలు.

డబ్బు సంగతి తెలియక మాట్లాడటం లేదు. సుమారు 33 కోట్ల పౌండ్లతో 2024కల్లా పూర్తవుతుందన్న పని, ఖర్చు 50 కోట్లు దాటి, గడువు 2026దాకా జరిగింది. నూటయాభై ఏళ్ళ కట్టడం, కోవిడ్, పెరిగిన ధరలు. గోడ విప్పితేగాని లోపల ఏం పాడైందో తెలియదు. పాత ఇల్లు బాగుచేయించిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది. గడియారం మీద చెక్కిన బైబిల్ వాక్యానికి అర్థం ‘మా రోజులు లెక్కపెట్టుకోవడం మాకు నేర్పు’ అని. దాని కింద ఇన్నేళ్ళు ఎదురుచూసిన ఊరికి ఆ పాఠం బాగానే వచ్చుంటుంది.

ఆ ఖర్చు రాబట్టుకోవడానికి హాలును పెళ్ళిళ్ళకూ కంపెనీ విందులకూ సినిమా షూటింగులకూ అద్దెకిస్తారు. ఇవ్వండి. లండన్ పార్లమెంటు దొరకనప్పుడు దర్శకులు మీ కారిడార్లలోనే పార్లమెంటు తీస్తారని తెలుసు. కాకపోతే అద్దె క్యాలెండర్ నింపాక మిగిలిన రోజులు జనానికి పడెయ్యకండి. ముందు జనం రోజులు రాసి, మిగిలినవి అద్దెకివ్వండి. పక్కనే రోచ్‌డేల్ తన టౌన్ హాల్‌ను బాగుచేసి 2024లో తెరిచింది, మామూలు జనం లోపలికి వెళ్ళి చూసి వస్తున్నారు. మీకన్నా చిన్న ఊరు, చిన్న ఖజానా.

వారంలో కనీసం మూడు రోజులు, అందులో ఒకటి ఆదివారం, గ్రేట్ హాల్ ఉచితంగా తెరిచి ఉంటుందని తిరిగి తెరిచిన మొదటి ఏడాదికైనా ముందే తేదీలతో ప్రకటించమని కోరుతున్నాను. ఆదివారం ఎందుకంటే, షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకూ బడిపిల్లలకూ కుదిరేది ఆ రోజే. ఆ తేదీలు మీ కార్యాలయం నుంచి వస్తే, మా తెలుగు కుటుంబాలకు అందరికీ చేరవేసే పూచీ నాది.

ఇట్లు,
మాంచెస్టర్‌లో ఇల్లు కట్టుకున్న ఒక తెలుగువాడు